ప్రసాదానికి పెద్ద పేరా, పెళ్ళికి ఒక్క వాక్యం

ప్రశ్న:

అయ్యగారికి వందనాలు. నా వయసు 27. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఏటా దసరాకి ఆయుధ పూజ చేస్తారు. సిస్టమ్‌లకి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరికీ ప్రసాదం పంచుతారు. తీసుకుంటే మనసులో టెన్షన్. తీసుకోకపోతే టీమ్‌లో వాళ్ళు నన్ను అదోలా చూస్తారని భయం. పోయినేడు ఆ రోజు సెలవు పెట్టి హాస్టల్లో కూర్చున్నాను. యూట్యూబ్‌లో ఒక ప్రసంగీకుడు ప్రసాదం ముట్టుకుంటే దురాత్మలు పడతాయని చెప్పారు. నా రూమ్మేట్ కూడా విశ్వాసే, తనేమో అదంతా ఏమీ లేదు తినెయ్ అంటుంది. ఎవరి మాట వినాలి?

ఇంకో సంగతి. ఊళ్ళో మాది బాప్టిస్టు సంఘం. ఇక్కడ సీఎస్ఐ చర్చికి వెళ్తున్నాను. ప్రతి ఆదివారం అందరం నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం. ఈ మధ్య ఆ మాటలు నోటితో అంటున్నానే గాని లోపల ఏమీ కదలడం లేదు. చనిపోయినవాళ్ళు లేస్తారని నేను నిజంగా నమ్ముతున్నానా అని నాకే అనుమానం. ఇలాంటిదాన్ని, ప్రసాదం దగ్గర పట్టుదలకు పోతే అది వేషమేమో అనిపిస్తుంది.

మా చర్చి యూత్‌లో ఉన్న ఒకబ్బాయిని పెళ్ళి చేసుకోవాలని ఉంది, ఇద్దరివీ ఎస్సీ కుటుంబాలే గాని ఒకే కులం కాదు, నాన్న సంఘ పెద్ద, మనవాళ్ళలోనే చెయ్యాలంటున్నారు, అది తర్వాత చూసుకుంటాను, ముందు ప్రసాదం సంగతి చెప్పండి.

– ఒక సహోదరి, హైదరాబాదు

సమాధానం:

అమ్మా, నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్రసాదానికి ఒక పెద్ద పేరా ఇచ్చావు. పెళ్ళికి ఒకే ఒక్క వాక్యం ఇచ్చి, అది తర్వాత చూసుకుంటానన్నావు. నువ్వడిగిన వరుసలోనే జవాబు చెబుతాను. కాని నీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఎందుకంటున్నానో నీకే తెలుస్తుంది.

బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక ఒకసారి తీసి పక్కన పెట్టుకో. అదీ ఒక జవాబు ఉత్తరమే. ఏడో అధ్యాయం మొదట్లోనే ‘మీరు వ్రాసినవాటి విషయము’ అంటాడు. అంటే వాళ్ళు ముందు ప్రశ్నలు రాసి పంపారు. ఆయన ఎఫెసులో ఉండి, క్రీ.శ. 55 ప్రాంతంలో, ఒక్కోదానికీ జవాబు చెబుతూ వచ్చాడు. వాళ్ళడిగిన వాటిలో ఒకటి అచ్చంగా నీ ప్రశ్నే. విగ్రహాలకు అర్పించింది తినొచ్చా, కూడదా?

కొరింథు అంటే అటొక రేవు, ఇటొక రేవు ఉన్న వ్యాపార పట్నం. అక్కడ గుళ్ళను ఆనుకునే భోజనాల గదులుండేవి. అస్క్లేపియస్ అనే వైద్య దేవుడి గుడి దగ్గర తవ్వకాల్లో అలాంటి గదులు బయటపడ్డాయి. ఇంట్లో శుభకార్యం జరిగినా, పనివాళ్ళ సంఘం విందు చేసినా అలాంటి చోటికే పిలుపు వచ్చేది. అంగట్లో అమ్మే మాంసంలోనూ కొంత బలి ఇచ్చిన పశువులదే. అందులో నుంచి తప్పుకుని బతకాలంటే ఊరొదిలి పోవాల్సిందే. కాబట్టి నీ ఇబ్బంది కొత్తదనీ, ఈ ఐటీ కాలంలో పుట్టిందనీ అనుకోకు.

పౌలు ఒక్క ముక్కలో తినమనో వద్దనో తేల్చెయ్యలేదు. విగ్రహం వట్టిదే, దానికి భయపడక్కర్లేదన్నాడు. అది తెలిసినవాడు తన తెలివిని చూసుకుని, ఇంకా తెలియని తమ్ముడి మనస్సాక్షిని తొక్కకూడదన్నాడు. గుడి బల్ల దగ్గర కూర్చుని ఆ ఆరాధనలో పాలు పంచుకోవద్దన్నాడు. అంగట్లో కొన్నదాన్నీ, స్నేహితుడి ఇంట్లో వడ్డించినదాన్నీ మాత్రం ఆరా తియ్యకుండా తినమన్నాడు. ఎవరైనా ‘ఇది దేవుడి దగ్గర పెట్టింది’ అని చెబితే, ఆ చెప్పినవాడి కోసం తినవద్దన్నాడు. 8 నుంచి 10 దాకా మూడు అధ్యాయాల్లో ఉన్న సారం ఇది.

ఇక నీ ఆఫీసు సంగతికి వద్దాం. ప్రసాదం అంటేనే దేవుడి ముందు నైవేద్యం పెట్టి, తిరిగి ఆయన అనుగ్రహంగా అందుకునేది. పంచేవాళ్ళ మనసులో దానికి ఆ విలువ ఉంది. అది తీసుకోవద్దనే నేను చెబుతాను. నీ రూమ్మేట్ ‘ఏమీ లేదు, తినెయ్’ అంటోంది. మనకది ఏమీ కాకపోవచ్చు, వాళ్ళకది చాలా ఉంది. పక్కవాళ్ళ భక్తిని వట్టి స్వీటుగా నోట్లో వేసుకోవడం వాళ్ళకూ గౌరవం కాదు. యూట్యూబ్ ప్రసంగీకుడి మాట కూడా పక్కన పెట్టు. నీలో ఉన్నవాడు లోకంలో ఉన్నవాడికంటే గొప్పవాడని యోహాను రాశాడు. ఒక చెంచాడు చక్కెర పొంగలికి బెదిరిపోయే దేవుణ్ణి మనం నమ్మలేదు. తీసుకోవద్దంటున్నది భయంతో కాదమ్మా, మన ఆరాధన ఒక్కరికే కాబట్టి.

సెలవు పెట్టి హాస్టల్లో కూర్చోవడం మాత్రం ఈసారి వద్దు. పూజకు ముందు రోజే మీ టీమ్ లీడ్ దగ్గరకు వెళ్ళి మామూలుగా మాట్లాడు. ‘సార్, నేను క్రిస్టియన్ని. రేపు పూజ టైమ్‌లో అక్కడ నిలబడను, ప్రసాదం తీసుకోను, మీరేమీ అనుకోవద్దు. కుర్చీలు సర్దడానికీ, లంచ్ ఏర్పాట్లకీ నన్ను పిలవండి, ఉంటాను’ అని చెప్పు. ఎవరైనా తెలియక ప్లేటు తెచ్చి చేతికిస్తే మొహం తిప్పుకోకు. నవ్వుతూ ‘వద్దండీ, నేను తీసుకోను’ అను, చాలు. అక్కడ నిలబడి సాక్ష్యం చెప్పనక్కర్లేదు. పూజయ్యాక అందరూ కలిసి బిర్యానీ తెప్పించుకుంటే వాళ్ళ మధ్యలో కూర్చుని తిను. రేపు డిసెంబరులో నువ్వు కేకు తీసుకెళ్తావు. వాళ్ళలో ఒకరిద్దరు తినకపోతే నువ్వూ ఏమీ అనుకోకు.

ఇంతకుమించి ప్రసాదం గురించి చెప్పడానికి లేదు. నిజానికి మన ప్రసంగాల్లో దీని గురించి ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంటుంది. బయటివాళ్ళ బల్ల గురించి మాట్లాడటం తేలిక కదా.

నీ రెండో ప్రశ్న నన్ను ఎక్కువ కదిలించింది. నోటితో అంటున్నాను గాని లోపల ఏమీ కదలడం లేదన్నావు. ఆ సంగతి దాచకుండా రాసినందుకు సంతోషం.

చనిపోయినవాళ్ళు లేవరు అన్నవాళ్ళు కొరింథులోనూ ఉన్నారు. వాళ్ళు బయటివాళ్ళు కాదు, సంఘంలోవాళ్ళే. పదిహేనో అధ్యాయం అంతా వాళ్ళకే. పౌలు వాళ్ళను వెలివెయ్యలేదు, కూర్చోబెట్టి మాట్లాడాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని తనే ముందుగా ఒప్పుకున్నాడు. లేచినాయన్ని చూసినవాళ్ళ పేర్లు వరుసగా చెప్పాడు. ఐదువందల మందికి పైగా ఒకేసారి చూశారని, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. కావాలంటే వెళ్ళి వాళ్ళనే అడిగి చూసుకోండి అన్నట్టే కదా అది. విశ్వాస ప్రమాణంలో పొంతి పిలాతు పేరు ఎందుకుందని చిన్నప్పుడు ఆశ్చర్యపోయేవాణ్ణి. అంత పవిత్రమైన మాటల మధ్య ఆ రోమా అధికారి పేరేమిటని. ఇదంతా ఫలానా దేశంలో, ఫలానా పాలకుడి కాలంలో జరిగిందని గుర్తు పెట్టడానికే ఆ పేరు ఉంది. మన నమ్మకం ఒక మంచి భావన మీద కట్టింది కాదు, జరిగిన సంగతి మీద కట్టింది. ఆదివారం ఉదయం నీ మనసు ఎలా ఉన్నా ఆ జరిగిన సంగతి మారదు.

ఇంకొకటి చెబుతాను. 325లో నైసియా అనే ఊళ్ళో, ఇప్పుడది టర్కీలో ఉంది, బిషప్పులు సమావేశమై ఒక విశ్వాస ప్రమాణం రాశారు. 2025తో దానికి 1700 ఏళ్ళు నిండాయి. రోమా హింసలు ఆగి అప్పటికి పట్టుమని పదిహేనేళ్ళు కూడా కాలేదు. కుమారుడు కూడా దేవుడు చేసిన ఒక సృష్టేనని అరియుస్ అనే సంఘ పెద్ద బోధిస్తుంటే, కాదు, తండ్రి ఏ తత్వమో కుమారుడూ అదే తత్వమని వాళ్ళు తేల్చి చెప్పారు. ఆ ప్రమాణం గ్రీకులో ‘మేము నమ్ముతున్నాము’ అనే మొదలవుతుంది. నేను కాదు, మేము. పాస్టరుగా ముప్పై ఏళ్ళకు పైగా ఆ మాటలు చెప్పించాను. మా అమ్మను సమాధి చేసిన వారం నాకు గొంతు పెగల్లేదు. ముందు వరుసలో ఒక ముసలావిడ గట్టిగా చెబుతుంటే వింటూ నిలబడ్డాను. ఆ ఆదివారం ఆవిడ నమ్మకమే నన్ను మోసింది. నువ్వు చెప్పలేని వారం పక్కవాళ్ళు చెబుతారు. పక్కవాళ్ళకు గొంతు రాని వారం నువ్వు చెబుతావు. కాబట్టి నిలబడటం మానకు. వేషమనీ అనుకోకు.

ఇంకొక మాట, ఇది పాస్టరుగా కాదు, ఇంట్లో పెద్దవాడిగా అడుగుతున్నాను. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు? అమెరికా కాల్స్ అయ్యేసరికి ఒంటిగంట, మళ్ళీ ఏడింటికి లేవడం. అలాంటి పిల్లల్ని చాలామందిని చూస్తున్నాను. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి ఇక చాలు, నన్ను చంపెయ్యమన్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. నెల రోజులు సరిగ్గా నిద్రపోయి చూడు. అప్పటికీ ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోతే, ఏడుపు వస్తుంటే డాక్టరును కలువు. అది విశ్వాసలోపమేమీ కాదు.

ఇప్పుడు నువ్వు పక్కన పెట్టిన వాక్యం.

ఎనిమిది, పది అధ్యాయాల్లో గుడి బల్ల గురించి చెప్పిన పౌలు, పదకొండో అధ్యాయంలో సంఘం బల్ల వైపు తిరిగాడు. అక్కడ ఆయన గొంతు ఇంకా కటువుగా ఉంటుంది. కొరింథులో ప్రభు భోజనానికి అందరూ కలుస్తున్నారు గాని, కలిగినవాళ్ళు తెచ్చుకున్నది ముందే తిని తాగేస్తున్నారు. లేనివాళ్ళు ఆకలితో చూస్తున్నారు. పౌలు ఏమన్నాడో చదువు. మీరు చేస్తున్నది ప్రభువు రాత్రి భోజనం కానే కాదన్నాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో అంతియొకయలో జరిగింది కూడా ఇలాంటిదే. పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి తనవాళ్ళైన యూదులు రాగానే వాళ్ళకు భయపడి వెనక్కి తగ్గాడు. పేతురు బోధలో తప్పేమీ లేదు. కంచం పక్కకు జరిపాడు, అంతే. దానికే పౌలు అందరి ముందూ నిలదీసి, నీ నడక సువార్త సత్యానికి సరిపడటం లేదన్నాడు.

మన పెద్దలు కంచం పొత్తు, మంచం పొత్తు అనేవారు. ఎవరితో కలిసి తింటాం, ఎవరింటితో వియ్యమందుతాం అన్న రెండింటిలోనే కులం బతికుంటుందని వాళ్ళకు బాగా తెలుసు. అందుకే ఈ విషయం విశ్వాసానికి అంచున ఉన్నది కాదు, నడిబొడ్డున ఉన్నది. తండ్రియైన దేవుణ్ణి నమ్ముతున్నాను అంటే ఆ పక్క బల్లమీద కూర్చున్నవాడు నాకు అన్నో తమ్ముడో అవుతాడు. శరీర పునరుత్థానం నమ్ముతున్నాను అంటే, లోకం అంటరానిదన్న శరీరాన్ని దేవుడు మట్టిలో నుంచి లేపి మహిమతో నిలబెడతాడని ఒప్పుకున్నట్టు. పదిహేనో అధ్యాయంలో పౌలు దాన్ని విత్తిన గింజతో పోల్చాడు. మీ నల్లరేగడిలో శనగ విత్తే రైతుకు ఆ పోలిక నేను విప్పి చెప్పనక్కర్లేదు. ఇక సిలువ. యేసు గవిని వెలుపట శ్రమపడ్డాడని హెబ్రీ పత్రిక చెబుతుంది. గవిని వెలుపట అంటే ఊరి బయట. మన తాతలు ఈ మాటకు వ్యాఖ్యానం అడగలేదమ్మా. ఊరి బయటకు నెట్టిన మనిషి ఎలా ఉంటాడో వాళ్ళకు ఒంటికి తెలుసు. నైసియాలో వాళ్ళు తేల్చినదాన్ని దీనికి కలిపి చూడు. అక్కడ చనిపోయింది దేవుడు పంపిన ఒక దూత కాదు, దేవుడే.

మీ జిల్లా చరిత్రే తీసుకో. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. పెద్ద కులాలవాళ్ళు మొదట ఆయన బడికి సాయం చేశారు. అంతలో తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, యెర్రగుంట్ల పేరయ్య, తనవాళ్ళను వెంటబెట్టుకుని రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేం మా పిల్లల్ని పంపం అన్నారు ఊరి పెద్దలు. ఏం చెయ్యాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ తగిలింది ఒకే చోటు. మళ్ళీ ఈ కొరింథీ పత్రికే, మొదటి అధ్యాయం 26వ వచనం. మీలో లోకరీతిగా జ్ఞానులు అనేకులు లేరు, గొప్పవాళ్ళు అనేకులు లేరు అన్న మాటలు. దాంతో వాళ్ళు పేరయ్య వైపే నిలబడ్డారు. తర్వాత 1876–78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కరువు పని జరిగినన్నాళ్ళూ, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు ఇవ్వలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులే. నీ ముత్తాతలో, వాళ్ళ తండ్రులో ఆ గట్టు మీద నిలబడి ఉండొచ్చు.

అయితే ఆ కథలో ఇంకో సగం ఉంది. ఒక కులం మొత్తంగా కదిలి రావడం వల్ల వాళ్ళకు బలం వచ్చింది. ఒంటరిగా వెలిపడే బాధ తప్పింది. దాంతోపాటు పాత గోడలూ వెంట వచ్చాయి. ఏ మిషన్ ఏ ప్రాంతానికి ముందు వచ్చిందో, ముందు ఏ పేటలో దిగిందో దాన్నిబట్టి సంఘాలు కులాలవారీగా ఏర్పడ్డాయి. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు, ఫిరంగిపురం వైపు క్యాథలిక్కుల్లో రెడ్లు. ఒకే సిలువ కింద అందరం కూర్చున్నాం, పెళ్ళిళ్ళ దగ్గర ఎవరి దారి వాళ్ళది. పైన ఉన్నవాడు తనను తొక్కాడని ఏడ్చినవాడే, తన పక్కన ఉన్నవాడికి పిల్లనివ్వనంటాడు. మీ నాన్నగారి మీద కోపంతో రాయడం లేదు ఈ మాట. నేను చేసింది చెబుతాను, విను.

మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్న రోజులు. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని బయోడేటా రాస్తున్నాను. పేరు, పుట్టిన తేదీ, చదువు, జీతం, డినామినేషన్. ఆ కింద కులం అని రాసి, రెండు చుక్కలు పెట్టి, నింపాను. మా ఆవిడ ఎదురుగా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కాగితం అందుకుని చదివింది. ‘ఇది విశ్వాస ప్రమాణంలో ఎక్కడ ఉందండీ?’ అంది. రాయకపోతే ఫోన్లు చేసి మరీ అడుగుతారు, ఎలాగూ తప్పదు అన్నాను. ‘అడిగితే అడగనివ్వండి. వాళ్ళు అడక్కముందే మీరెందుకు చెప్పడం?’ అని కాగితం తిరిగిచ్చి మళ్ళీ చిక్కుళ్ళలో పడింది. నేను ఆ గీత కొట్టెయ్యలేదు. అలాగే జిరాక్స్ తీయించి పంపాను.

అప్పట్లోనే మా సంఘంలో సండే స్కూలు చెప్పే ఒకమ్మాయి తండ్రి నా దగ్గరకు వచ్చాడు. మా కులం కాదు. ఎంతో మొహమాటపడుతూ, మా అమ్మాయిని చూస్తారా అయ్యగారూ అన్నాడు. చూద్దాం అన్నాను. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. ఆ అమ్మాయిలో వంక పెట్టడానికి ఏమీ లేదు, నాకు తెలుసు. మరుసటి నెల బల్లారాధనలో, అంటే ప్రభు భోజనం దగ్గర, ఆయన నా ఎదుట మోకరించి నా చేతిలోని గిన్నె అందుకున్నాడు. తలెత్తి చూడలేదు. నేనూ చూడలేదు. ‘మీ కొరకు చిందింపబడిన రక్తము’ అని పైకి చెబుతూనే ఉన్నాను. రిటైరయ్యాక ఒకరోజు ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ‘పోనివ్వండి అయ్యగారూ’ అని కాఫీ ఇచ్చాడు. ఆయన పోనిచ్చాడు. పదకొండో అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు మాత్రం ఆ వంచిన తలే కనిపిస్తుంది.

కులాన్ని మరిచిపోమంటారా అని నువ్వు అడగొచ్చు. లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులైన దళితులను కలపలేదు. మన రాష్ట్రాల్లో వాళ్ళను బీసీ–సీలో ఉంచారు. బాప్తిస్మంతో ఊళ్ళో వివక్ష ఆగలేదు కాబట్టి ఆ హక్కు అడగడం న్యాయమే. ఎన్ని కుటుంబాలు ఈ చట్టం వల్ల కాగితంలో హిందువులుగా, చర్చిలో క్రైస్తవులుగా బతుకుతున్నాయో నాకు తెలుసు. వాళ్ళ మీద రాయి వెయ్యడానికి నాకు చెయ్యి రాదు. కాని తగిలిన గాయాన్ని గుర్తుపెట్టుకుని న్యాయం అడగడం వేరు. ఆ గాయం చేసిన కంచెనే తెచ్చి మన ఇంటి చుట్టూ నాటుకోవడం వేరు.

ఇప్పుడు నువ్వేం చెయ్యాలంటే, ముందు ఆ అబ్బాయిని కులం సంగతి పక్కన పెట్టి చూడు. ఒక సిద్ధాంతం నిరూపించడానికి ఎవరూ పెళ్ళి చేసుకోకూడదు. వాళ్ళమ్మతో ఎలా మాట్లాడతాడు? అప్పులున్నాయా? కోపం వస్తే ఏం చేస్తాడు? యూత్ మీటింగులో గిటారు పట్టుకున్నప్పుడు కాదు, ఎవరూ చూడనప్పుడు ప్రార్థన చేస్తాడా? పెళ్ళయ్యాక నీ ఉద్యోగం గురించి ఏమనుకుంటున్నాడు? మీ పాస్టరు గారినీ, ఆ అబ్బాయిని బాగా ఎరిగిన ఇద్దరినీ అడుగు. ఇవన్నీ బాగుంటేనే మిగతా మాట. చట్టప్రకారం మీకు ఏ అడ్డూ లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద చర్చిలో పెళ్ళి జరుగుతుంది. వధూవరుల కులం ఏమిటని ఆ చట్టం అడగదు.

తర్వాత నాన్నగారికి నువ్వే చెప్పు, బంధువుల ద్వారా ఆయన చెవిన పడనివ్వకు. ఫోన్లో కాదు, ఊరు వెళ్ళి చెప్పు. మొదటి రోజే వాదన పెట్టుకోకు. సంఘ పెద్దగా ఆయనకు నలుగురిలో తలెత్తుకోలేనేమోనన్న భయం ఉంటుంది, అది చిన్న భయం కాదు. ‘అబ్బాయిలో లోపం ఏదైనా ఉంటే చెప్పండి నాన్నా, వింటాను. కులం ఒక్కటే అభ్యంతరమైతే, మీరు బల్ల దగ్గర అందరికీ రొట్టె అందిస్తారు కదా, అది నాకు ఎలా అర్థం చేసుకోవాలో చెప్పండి’ అని అడుగు. అడిగి ఊరుకో. ఆయనకు టైమ్ ఇవ్వు. ఆరు నెలలో, ఏడాదో. ఈలోగా ఆ అబ్బాయి ఒకసారి మీ ఇంటికి వచ్చి మీ నాన్నగారి పక్కన కూర్చుని అన్నం తినేలా చూడు. మిగతావాటికన్నా అదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఏడాది గడిచాక కూడా కులం తప్ప ఇంకో కారణం చెప్పకపోతే? తల్లిదండ్రులను సన్మానించమన్నాడు దేవుడు. సన్మానించడం అంటే వాళ్ళకు అబద్ధం చెప్పకపోవడం, అవమానించకపోవడం, ముసలితనంలో వదిలెయ్యకపోవడం. ఈ ఒక్క విషయంలో వాళ్ళ మాట దాటాల్సి వచ్చినా ఆ మూడూ నువ్వు చెయ్యగలవు. పారిపోయి కాదు, సంఘంలో నలుగురి ముందు, పిలుపు వాళ్ళకూ పంపి, పెళ్ళి చేసుకో. ఎవరైనా బెదిరింపులకు దిగితే మాత్రం మొహమాటం వద్దు. ఒంటరిగా ఊరు వెళ్ళకు, పోలీసులకు చెప్పు, మీ పాస్టరు గారికి చెప్పు.

ఈసారి ఊరు వెళ్ళేటప్పుడు ఈ పేజీ నాన్నగారికి చూపించాలనిపిస్తే చూపించు. పౌలు గురించి రాసింది తర్వాత చదవొచ్చు. ముందు నా బయోడేటా సంగతి ఉన్న పేరా దగ్గర నుంచి చదవమను. ఆయనకు నాతో మాట్లాడాలనిపిస్తే నేనే ఒంగోలు వస్తాను.